కళ్ళు మూసుకుని పాడటం మళ్ళీ నేర్చుకున్నాను

2022 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున పాట సాధనకు లేవబోయి మంచం పక్కనే ఎడమ వైపుకు కూలబడ్డాను. గది అంతా ఎడమ నుంచి కుడికి గిర్రున తిరుగుతోంది, ఎడమ చెవిలో ఒకటే హోరు, ఆపైన వాంతులు. ముందుగా చూసిన డాక్టరు మెడ నరాల ఒత్తిడి అని మాత్రలు రాశారు. చెవి వినపడటం లేదని నేను చెప్పిన మాటను ఆయన పట్టించుకోకపోవడంతో అయిదు రోజులు వృథా అయ్యాయి. వినికిడి ఉన్నట్టుండి పోతే అది అత్యవసరమని, స్టెరాయిడ్లు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలని ఆరో రోజున ఈఎన్‌టీ డాక్టరు చెబితే గానీ నాకు తెలియలేదు.

ఆ డాక్టరు 512 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్కును) మోగించి నా నుదుటి మీద ఆనించారు. శబ్దం కుడి చెవిలోనే వినిపించింది. ఒకటి శ్రుతిలో (పాశ్చాత్య సంగీతంలో C) పాడేవాణ్ణి కనుక అది నా తారస్థాయి షడ్జానికి, అంటే పై 'స' స్వరానికి, ఇంకో స్థాయి పైనున్న షడ్జం కంటే కాస్త దిగువన ఉందని ఆ అవస్థలోనూ గమనించకుండా ఉండలేకపోయాను. వినికిడి పరీక్ష పటమైన ఆడియోగ్రామ్‌లో కుడి చెవి గీత మామూలుగానే ఉంది కానీ, ఎడమ చెవిది హెచ్చు శ్రుతి శబ్దాల దగ్గర 70 డెసిబెళ్ళ కిందికి జారిపోయింది. లోపలి చెవికి వాపు వచ్చిందన్నారు. శబ్దాన్ని గ్రహించే కర్ణావర్తమూ, తల కదలికలను పసిగట్టే మూడు అర్ధవృత్తాకార నాళాలూ, గురుత్వాన్ని తెలిపే రెండు సంచులూ ఎముకలోని ఒకే గూటిలో ఉంటాయట. మామూలుగా రెండు చెవుల నుంచీ వచ్చే సంకేతాలను మెదడు పోల్చి చూసుకుంటుంది కనుక, ఎడమ పక్క మౌనం వహించగానే తల కుడికి తిరుగుతోందని అది భ్రమపడింది.

వారం తిరిగేసరికి తల తిరుగుడు తగ్గింది కానీ, తలస్నానం చేస్తూ కళ్ళు మూసుకుంటే చాలు, గోడ పట్టుకోవలసి వచ్చేది. ఫిజియోథెరపిస్టు నన్ను పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. గట్టి నేల మీద నిలబడగలిగాను. మెత్తటి ఫోమ్ దిండు మీద మాత్రం రెండు క్షణాల్లో తూలిపోయాను, ఎందుకంటే అక్కడ అరికాళ్ళూ చీలమండలూ నేల గురించి సరైన కబురు పంపలేవు, చూపు ఎలాగూ లేదు, మిగిలిన చెవి ఆధారం సగమే. ఆ తరువాత ఆరు వారాల పాటు, గోడ మీది ఒక అక్షరం చెదరకుండా చూస్తూ తలను అటూ ఇటూ తిప్పడమే నా ప్రధాన సాధన అయింది. అది చేసిన ప్రతిసారీ కడుపులో తిప్పేది. ఆ తిప్పుడు వస్తేనే మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుందని, తిప్పుడు ఆపే మాత్రలు ఎక్కువ రోజులు వాడితే ఆ నేర్పు ఆలస్యమవుతుందని చెప్పి ఆయన వాటిని మాన్పించారు.

పాట సంగతి ఇంతకంటే చిక్కు. మొదటి వారాల్లో తంబురా షడ్జం నాకు రెండు శ్రుతుల్లో వినపడేది: కుడి చెవిలో అసలుది, ఎడమ చెవిలో దానికి కొంచెం తేడాగా మరొకటి. దెబ్బతిన్న కర్ణావర్తం ఒకే స్వరాన్ని వేరే స్థాయిలో వినిపించగలదట. ఎడమ చెవిలో దూది పెట్టుకుంటే గానీ శ్రుతి ఒకటయ్యేది కాదు. క్లాసులో పిల్లలందరూ కలిసి పాడుతున్నప్పుడు నా గొంతు నాకు ఆనక మరీ పెద్దగా పాడేవాణ్ణి. "మాస్టారూ, అరుస్తున్నారు" అని ఒక పిల్లవాడు మొహమాటం లేకుండా చెప్పాడు. చుట్టూ చప్పుడుంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లోనే ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశారు. నా విషయంలో దానికి చెవి లోపం కూడా తోడయింది.

అయితే తారస్థాయిలో నా గొంతు బిగుసుకుపోవడానికి చెవే కారణమని నేను చాలా రోజులు పొరబడ్డాను. హెడ్‌ఫోన్లలో హోరు పెట్టుకుని, నా గొంతు నాకు వినపడకుండా సరళీ స్వరాలు పాడి ఫోనులో రికార్డు చేసి చూసుకుంటే, మంద్ర, మధ్య స్థాయిల్లో శ్రుతి దాదాపు నిలిచే ఉంది. ఇన్నేళ్ళ సాధనలో ఆ స్థానాలను ఛాతీ, కంఠం అదురును బట్టి ఒళ్ళే గుర్తుపెట్టుకుంది. పై షడ్జం దగ్గర మాత్రం స్వరం కిందికి జారింది. లోపం ఎక్కడుందో ఫిజియోథెరపిస్టు నా మెడ పట్టుకుని చూసి పసిగట్టారు. తల కదిలితే తిరుగుతుందన్న భయంతో నేను మెడను కర్రలా బిగపట్టి ఉంచుతున్నాను, ఆ బిగువు కంఠం చుట్టూ ఉన్న కండరాలకూ పాకింది. పడిపోతానన్న భయం పాటలో దూరిందని నాకు అంతకుముందు తట్టలేదు. అప్పటి నుంచి తలను నెమ్మదిగా తిప్పుతూ అకార సాధన చేశాను. నేల మీద బాసింపట్టు వేసుకుని, రెండు తొడలూ నేలకు బాగా ఆనేలా కూర్చుంటే ఒంటికి ఆనవాలు ఎక్కువ దొరికి, కళ్ళు మూసుకున్నా తూలు రాలేదు. తార షడ్జం నాలుగో నెలకు కుదురుకుంది.

ఎడమ చెవి కొంతే తిరిగి వచ్చింది. చీకట్లో మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ కమ్మీ పట్టుకుంటాను. కచేరీలో వయొలిన్ నా ఎడమ పక్కనే ఉంటుంది, ఎందుకంటే కుడి పక్కనున్న మృదంగంతో చోట్లు మార్చితే దాని కుడి మూత సభ వైపు ఉండదు. అందుకని శ్రుతి పెట్టెను కుడి పక్కకు జరిపించుకుని, వయొలిన్ విద్వాంసుడు నాకు ఎదురుగా పడేలా నేనే కాస్త ఎడమకు తిరిగి కూర్చుంటున్నాను.