కూలివాడిగా ఉండనివ్వని తండ్రి

కాళ్లకు కాస్త బలం వచ్చింది, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరితోటను నేలమట్టం చేశాక హైదరాబాదు పోయి బిల్డింగు పనుల్లో కూలికి కుదిరాను. దేవుడి మీద అలిగి ప్రార్థన మానేసింది కూడా అప్పుడే. తాతల నాటి నుంచి బాప్టిస్టు క్రైస్తవ సంఘంలో ఉన్న ఇల్లు మాది. "ప్రార్థనకెల్తన్నావా బావూ" అని అమ్మ ఫోన్లో అడిగేది. నేను మాట మార్చేవాణ్ణి.

మొన్న వానాకాలంలో ఇంటికొచ్చి జీడితోటలో తుప్పలు కొట్టాను. కొన్నాళ్లకు చలిజ్వరం, తల పగిలిపోయే నొప్పి. దగ్గర్లోని వైద్యుడు టైఫాయిడ్ అన్నాడు. సెలైన్లు ఎక్కించాడు, డబ్బు తీసుకున్నాడు, ఒక్కసారైనా చొక్కా విప్పించి చూడలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ఆయాసం మొదలయ్యాక శ్రీకాకుళం తీసుకెళ్లారు. అక్కడ ఒక నర్సమ్మ నా నడుం కింద సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లమచ్చ చూసి డాక్టరుగారిని పిలిచింది. స్క్రబ్ టైఫస్. తుప్పల్లో ఉండే, కంటికి ఆనని పురుగుపిల్ల కుడితే వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్ అనే మామూలు మాత్ర ఉంది. వేళకు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. నాకు వేళ దాటింది, జబ్బు ఊపిరితిత్తులకు పాకింది.

ఆ సాయంత్రమే మా సంఘపెద్ద ఒకాయన చూడ్డానికొచ్చారు. బత్తాయిలు బల్ల మీద పెట్టి, ప్రార్థన చేసి, లేస్తూ అన్నారు: "దేవుణ్ణి ఇడిసీసి ఇన్నేళ్లు తిరిగినావు. ఇప్పుడు వడ్డీతో సహా వసూలు సేస్తన్నాడు. ఒప్పుకో."

ఆయన ఇంటికెళ్లి పడుకుని ఉంటారు. నేను మాత్రం ఆక్సిజన్ మాస్కులో ఆ మాటనే పీల్చాను. నడిరేయి దాటాక పక్క మంచం మనిషికి ముసుగేసి తీసుకుపోయారు. ఇక తరవాతి వంతు నాదే అనుకున్నాను. గుండె దడ, వేళ్లు చల్లబడిపోతున్నాయి. ప్రభువా, కొడుకునని అడగను, ఏ మూలో కూలివాడిలా పడి ఉంటాను, రానీ అని లోలోపల అంటున్నాను. పైకే అన్నానేమో, అమ్మ మంచం పక్కకొచ్చి చెవి ఆనించింది.

"అలగంటావేటి బావూ? తప్పిపోయిన కొడుకు దారి పొడుగునా అవే మాటలు కూడేసుకున్నాడు. కూలోడిలాగ పెట్టుకో అని. ఆ మాట బయటికి రానిచ్చినాడా అయ్య? ముందే పరిగెట్టుకొచ్చి మెడ కావిలించుకున్నాడు కదా."

అమ్మకు చదువు రాదు. విని విని గుర్తుపెట్టుకుంది. ఇంటికొచ్చాక బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం తీసి చూశాను. తన వాటా ఆస్తి తీసుకుపోయి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన కొడుకు గురించి యేసు చెప్పిన ఉపమానం అది. 19వ వచనంలో ఆ కుర్రాడు 'కూలివారిలో ఒకనిగా' అని సిద్ధం చేసుకున్నాడు. తండ్రి ఎదుట నిలబడిన 21వ వచనంలో ఆ ముక్క లేదు. 22లో తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు. కూలి చేసినవాణ్ణి, నాకు తెలుసు. కూలివాడికి సాయంత్రం లెక్క చూస్తారు, ఇంత పనికి ఇంత అని. కొడుక్కి లెక్కేమిటి? ఇక వడ్డీ ఎక్కడిది? ఆ అధ్యాయమంతా అంతే. తప్పిపోయిన గొర్రె దొరికితే కాపరి భుజాన వేసుకుని ఇరుగుపొరుగును పిలిచాడు, పోయిన నాణెం దొరికితే ఒకావిడా పిలిచింది. ఇంకోచోట, యోహాను సువార్తలో, పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదని యేసే అన్నాడు. సంఘపెద్దలకు ఇవన్నీ కంఠతా వచ్చు. మరి రోగి పక్కన నిలబడ్డప్పుడు ఎక్కడికి పోతాయి?

తప్పిపోయిన కొడుకు ఉపమానంలో, తమ్ముడికి విందు చేశారని అన్న అలిగి బయటే ఉండిపోయాడు. మా అన్నయ్య అప్పు తెచ్చి, ఆస్పత్రి వరండాలో కటిక నేల మీద పడుకున్నాడు. ఇన్నేళ్లలో ఇంటికి ఏం పంపావని ఒక్క మాట అనలేదు. వాడి గురించి రాయబోతే చెయ్యి ఆగిపోతోంది.

తోటల్లో పనిచేసేవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి ఆ బట్టలు ఉతకండి. జ్వరం తగ్గకపోతే చంకలు, గజ్జలు, నడుం కింద మచ్చ ఉందేమో చూపించుకోండి. అందరికీ మచ్చ ఉండదు, కాబట్టి తోటలో తిరిగామని డాక్టరుకు మీరే చెప్పండి.

కృతజ్ఞత కూడికలో పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. ముందు చాప మీద ఆ పెద్దాయన కూర్చుని ఉన్నారు. "ఈ జబ్బు పురుగు వల్ల వచ్చింది. నా తండ్రి పంపింది కాదు. ఆయన పంపింది ఆ నర్సమ్మని, మా అన్నయ్యని" అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

అమ్మ మేకను కోయించింది. వీధి వీధంతా వచ్చి తిన్నారు. ఆస్పత్రి అప్పే తీరలేదు, ఇదంతా ఎందుకమ్మా అంటే, "నా కొడుకు దొరికినాడు, పెట్టనీరా" అని గరిటె పట్టుకుని పంక్తిలోకి వెళ్లిపోయింది.