కీరదోస మీద తెల్లదోమ: బవేరియా ఈసారీ పనిచేయలేదు

బి.టి. అనే బ్యాక్టీరియా మందు కొట్టాక టమాటా మీద పచ్చపురుగు పోయింది. పేనుబంక వేపమందుకే లొంగింది. కీరదోస మీది తెల్లదోమ మాత్రం బవేరియాను, అంటే పురుగులకు పట్టి చంపే శిలీంధ్రపు మందును, లెక్కచేయడం లేదు.

పొడి కొత్తదే. గ్రాముకు 10 కోట్ల శిలీంధ్ర బీజాలని ప్యాకెట్ మీద ఉంది. లీటరుకు 5 గ్రాములు కలిపి, నాజిల్ పైకి తిప్పి, ఎండ వాలాక ఆకుల అడుగు పూర్తిగా తడిసేలా కొట్టాను. దారం కట్టి గుర్తుపెట్టుకున్న ఆకుల్లో కొట్టకముందు సగటున ఆకుకు 46 పిల్ల పురుగులు, వారానికి 41. జిగురు కలిపిన ఉత్త నీళ్లు కొట్టిన వరుసలో 44 ఉన్నవి 40కి తగ్గాయి. అంటే మందు చేసిందేమీ లేదు. భూతద్దంతో వెతికితే తెల్లబూజు పట్టిన పురుగులు మూడే కనిపించాయి. మిగతావి నూకలు చల్లినట్టు ఆకుకు అతుక్కుని హాయిగా రసం పీలుస్తున్నాయి. వాటి కింది ఆకుల మీద అవి విసర్జించిన తేనెబంక మెరుస్తోంది.

ముందు పొడినే అనుమానించాను. ఉడికించి చల్లార్చిన బియ్యంలో చిటికెడు కలిపి సీసాలో ఉంచితే తెల్లగా అల్లుకుంది. బీజాలు బతికే ఉన్నాయి. ఎన్ని బతికున్నాయో ఈ పరీక్ష చెప్పదు, అది వేరే సంగతి. నీళ్లు బోరువి, క్లోరిన్ లేదు.

అసలు అనుమానం తేమ మీద. బీజం మొలకెత్తాలంటే గాలిలో తేమ బాగా ఉండాలి. తేమమాపకాన్ని గుంజకు కాకుండా ఆకుల మధ్య వేలాడదీశాను. సాయంత్రం ఐదున్నరకు 33 డిగ్రీలు, తేమ 38 శాతం. రాత్రి పదింటికి 61 శాతం. 85 దాటింది తెల్లవారుజామున మూడింటికి. ఎనిమిది కల్లా మళ్లీ 60కి దిగింది. ఐదు గంటలైనా నిలవని తేమలో బీజం మొలకెత్తి పురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోవాలంటే ఎలా? పైగా పిల్ల పురుగు ఎదుగుతూ కుబుసం విడుస్తుంది. బీజం లోపలికి దిగేలోపే కుబుసం ఊడితే బీజమూ దానితోనే పోతుంది. ఈ వేడికి కుబుసాలు త్వరత్వరగా మారతాయి కాబట్టి ఒక్క పిచికారీతో పని కాదు.

కోనసీమ కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమకు బెంగళూరులోని కీటక పరిశోధన సంస్థ ఎన్.బి.ఎ.ఐ.ఆర్. వారి ఇసేరియా శిలీంధ్రాన్ని వాడుతున్నారు. అక్కడ సముద్రపు గాలి సాయం చేస్తుంది. మార్చి నెల హైదరాబాదు గాలికి ఆ గుణం ఎక్కడిది?

బీజాలను టాల్క్‌లో కలిపి అమ్మే ఇలాంటి పొడులంటే నాకు విసుగు పుట్టింది. ఎంత వడకట్టినా నాజిల్ పూడుకుపోతుంది. నూనెలో కలిపిన ద్రవ రకం ఆరిన గాలిలో కాస్త మెరుగని నా నమ్మకం. ఏ రకమైనా రేకుల కొట్టులో ఎండకు ఉడికిన ప్యాకెట్ మాత్రం తీసుకోను. తయారీ తేదీ చూడనిదే డబ్బు ఇవ్వను.

ఈసారి రాత్రి తొమ్మిదికి, నేల బాగా తడిపి, వల పందిరి పక్క తెరలు దించి కొడతాను. నాలుగైదు రోజులకు మళ్లీ ఒకసారి. ఇందులో చిక్కు ఒకటుంది. తెరలు దించితే కీరకు బూజు తెగులు తగులుకుంటుంది, దానికి మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని కొడితే బవేరియా చస్తుంది. అందుకే ఉదయం ఏడింటికే తెరలు ఎత్తేస్తాను. రెండు వరుసలకే ఈ ప్రయోగం. మూడో వరుసకు ఇసేరియా దొరికితే అది. పురుగులు నిండిన ముదురు ఆకులు కోసి సంచిలో కట్టి బయట పారేయాలి. తలుపు దగ్గరి 40 మెష్ వల తీసి, ఇంకా సన్న రంధ్రాల 50 మెష్ కట్టాలి. తామర పురుగు దానిలోంచి కూడా దూరుతుంది కాబట్టి, క్యాప్సికం నారు పోసేముందు నీలం జిగురు అట్టలు తెచ్చుకోవాలి.