ఇదేంటి? చెప్పు, ఇదేంటి?

నరసాపురంలో మాటలు నేర్పే నా గదికి మాటలు రాని పిల్లల్ని తీసుకొచ్చే నానమ్మలు, అమ్మమ్మలు కూర్చోగానే చెప్పే మాట దాదాపు ఒకటే. "వస కూడా పోశామండీ." వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాశారు, మొక్కులు మొక్కుకున్నారు, "వాళ్ళ నాన్నకీ నాలుగో ఏటేనండీ మాటలొచ్చింది" అనుకుంటూ ఇంకో ఏడాది చూశారు. వాళ్ళని ఏమీ అనబుద్ధి కాదు. ఆటిజం అన్న పేరు మనవైపు చెవిన పడి ఎన్నాళ్ళయిందని? నేను మాత్రం ముందు వినికిడి పరీక్ష చేయించుకు రమ్మంటాను. "ఫోన్లో పాట మోగితే పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడండీ, చెవులకేం లేదు" అంటారు. అయినా సరే, చెవిలో పడిన శబ్దం మెదడు దాకా వెళుతోందో లేదో చూసే బెరా పరీక్ష రిపోర్టు చూడందే నేను మొదలుపెట్టను.

ఆ తర్వాత, ఇంట్లో పిల్లాడితో ఎలా మాట్లాడతారో నా ఎదురుగా మాట్లాడి చూపించమంటాను. అందరూ పరీక్షే పెడతారు. "ఇదేంటి? చెప్పు, ఇదేంటి? యాపిల్. ఏదీ, యాపిల్ అను. ఇదేం రంగు?" వాడు ఫ్యాను కేసి చూస్తుంటాడు. నేనైనా ఫ్యాను కేసే చూస్తాను. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ మనం మాట్లాడే మాటల్లో వస్తువుల పేర్లు అప్పజెప్పడం ఎంతుంటుంది? ఇంకాస్త వెయ్యమంటాం, చాలంటాం, వద్దంటాం, అటు చూడమంటాం. ఎదుటి మనిషి దగ్గరికెళ్ళి మనకి కావలసింది చేయించుకోవచ్చన్న సంగతే చాలామంది ఆటిజం పిల్లలకి అంత తేలిగ్గా అందదు. ఏబీసీడీలూ కార్ల పేర్లూ గడగడా చెప్పే పిల్లాడు దాహమేస్తే అమ్మ మణికట్టు పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళతాడు చూడండి, అందుకే.

సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చే బాబొకడున్నాడు. ఐదేళ్ళు, ఒక్క మాట లేదు, జంతికలంటే ప్రాణం. వాడికి బొమ్మకార్డులతో మొదలుపెట్టాం. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారుచేసిన పద్ధతి ఇది, పెక్స్ అంటారు. మొదటి మెట్టుకి పెద్దవాళ్ళు ఇద్దరు కావాలి. ఒకరు జంతిక పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు, ఒకరు పిల్లాడి వెనకాల. వాడు జంతిక కోసం చెయ్యి చాపగానే వెనకున్న మనిషి ఆ చేతిని కార్డు మీదికి మళ్ళించి, తీయించి, ఎదుటివాళ్ళ అరచేతిలో పెట్టిస్తారు. పెట్టీ పెట్టగానే "జంతిక!" అంటూ ఇచ్చెయ్యాలి. వెనకున్న మనిషి నోరు మెదపకూడదు. మిగతాదంతా ఒకెత్తు, ఈ నోరు మెదపకపోవడం ఒకెత్తు. వాడి నానమ్మగారు "అడుగు నాన్నా, అడుగు, ఏదీ మా బంగారం" అంటూనే ఉన్నారు. నేను వేలు పెదాల మీద పెట్టాను. పాపం, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు.

కొన్నాళ్ళకి చెయ్యి పట్టకుండానే కార్డు తీశాడు. తీసి నాకివ్వలేదు. గిర్రున వెనక్కి తిరిగి నానమ్మ ఒళ్ళో పడేశాడు. జంతికల డబ్బా ఎవరి సంచిలో ఉందో వాడికి తెలుసు కదా! పుస్తకం ప్రకారం అది తప్పే. నేను మాత్రం డబ్బా మూత తీయించాను.

"కార్డులు అలవాటైతే ఇంక నోరు విప్పడేమోనండీ" అని తండ్రులు భయపడతారు. కార్డులూ ట్యాబులూ మాటని అడ్డుకోవని పరిశోధనల్లో తేలింది, కొంతమందికి వీటి వెనకే మాటలు కూడా వస్తాయి. బొమ్మ నొక్కితే ఆ మాట పైకి పలికే యాప్ ఒకటుంది, చెన్నైలో తయారైన అవాజ్, అందులో తెలుగు కూడా ఉంది. కాకపోతే ఆ ట్యాబులో యూట్యూబ్ ఉండకూడదు. ఉందంటే మాటలూ లేవు, కార్డులూ లేవు.

నాకు ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. "ఇంట్లో ఒకటే భాష మాట్లాడండి, అదీ ఇంగ్లీషు" అని ఎవరో చెప్పి పంపిస్తారు. ఇక ఆ ఇంట్లో అమ్మ "కమ్, సిట్, ఈట్" అంటుంది. ఇంగ్లీషు రాని తాతగారు మనవడితో మాట్లాడ్డమే మానేస్తారు. రెండు భాషలు వినిపించినంత మాత్రాన ఆటిజం పిల్లలకి మాటలు ఇంకా ఆలస్యం కావని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. వాడితో కబుర్లు చెప్పే మనిషిని తీసేసి వాడికి మాటలు నేర్పుతామంటే ఎలా? రొయ్యల చెరువు దగ్గర్నుంచి తాతగారు రోజూ ఫోన్ చేసి మేత సంగతులూ ఏరేటర్ల సంగతులూ చెబుతుంటే, మధ్యమధ్యలో "ఆయ్... ఆయ్" అనే పిల్లాడు నాకు తెలుసు. వాళ్ళ నాన్న "అదో మాటేంటండీ" అన్నాడు. అవతలి మనిషి ఆగినప్పుడు మన వంతు అందుకోవడం కన్నా ఏం కావాలి?

మనం అన్నదే తిరిగి అనే పిల్లల సంగతి వేరు. 1943లో ఆటిజం గురించి లియో కానర్ అనే డాక్టరు రాసిన మొదటి వ్యాసంలోనే ఇది ఉంది. పాలకొల్లు వైపు నుంచి వచ్చే పాప దాహమేస్తే "నీళ్ళు తాగుతావా?" అంటుంది. తల్లి "నాకొద్దమ్మా, నువ్వు తాగు" అనేది! ఆ పాప ఆ మాటని రోజూ గ్లాసుతో పాటే వింది, గ్లాసు రావాలంటే ఆ మాటే అనాలనుకుంది. అందుకని ఆ ప్రశ్న మానేయించాను. గ్లాసు ఇచ్చేముందు పాప అనాల్సిన మాటే, పాప తరఫున, తల్లి అంటుంది: "నీళ్ళు కావాలి." అని, కాసేపు ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం నేర్పడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది, పాపకి కాదు, తల్లికి.

నా దాకా రాలేనివాళ్ళు మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి, అక్కడ ఫీజు ఉండదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం పిల్లలకి బాగా ఇష్టమైన తిండి ఒకటి డబ్బాలో పెట్టుకురండి, చిన్నచిన్న ముక్కలు చేసి. అలాగని పొద్దున్న టిఫిను మాన్పించి తీసుకురాకండి. మొన్న ఎవరో "ఆకలేస్తే బాగా అడుగుతాడు కదండీ" అని అలాగే తెచ్చారు. వాడు కార్డులన్నీ కిటికీలోంచి కింద కొట్టువాడి బెల్లం దిమ్మల మీదికి విసిరేశాడు.