డైనమో జోలికి వెళ్లకుండానే మీటరు బోర్డు మినుకులు ఆగాయి

వానలు మొదలయ్యాక మా పాత కారు మీటరు బోర్డు లైట్లు మినుక్కుమనడం మొదలుపెట్టాయి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 2008 మోడల్ పెట్రోలు బండి. పగలు ఏమీ తెలిసేది కాదు. రాత్రి విశాఖలోని మధురవాడ సిగ్నల్ దగ్గర ఆగి, ఏసీ నడుస్తూ, వైపర్లు తిరుగుతూ ఉంటే మాత్రం స్పీడోమీటరు వెనక వెలుతురు వణికేది. ఇండికేటర్ వేస్తే ఆ టిక్ టిక్‌కి తాళం వేస్తున్నట్టు తగ్గుతూ పెరుగుతూ ఉండేది. రేడియేటర్ ఫ్యాన్ అందుకుందంటే బ్లోయర్ గాలి కూడా ఒక్క క్షణం నీరసపడేది. బండి కదిలాక కొంత మెరుగే కానీ, గతుకు తగిలితే మళ్లీ మామూలే.

ఈ గతుకు సంగతి ముఖ్యం. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడే లైట్లు తగ్గుతుంటే డైనమోనో (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేది), దాన్ని తిప్పే బెల్టునో, బ్యాటరీనో అనుమానించాలి. గతుక్కి కూడా తడబడుతున్నాయంటే ఎక్కడో వదులుందని అర్థం. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. మీటరు బోర్డు ఒక్కటే మినుకుతుంటే దాని వెనక కనెక్టర్‌లోనో, వెలుగు తగ్గించే స్విచ్‌లోనో వెతకొచ్చు. హెడ్‌లైట్లు, లోపలి బల్బు, బ్లోయరు అన్నీ కలిసి ఊగుతుంటే బోర్డు విప్పడం శుద్ధ దండగ, ముందు బానెట్ ఎత్తాలి. బండిని ఇంటి గోడకి ఎదురుగా నిలబెట్టి చూస్తే హెడ్‌లైట్ వెలుగూ వణికింది.

ఎప్పుడూ వెళ్లే ఎలక్ట్రీషియన్ చెవి పెట్టి విని, "డైనమో పోయిందండి, మార్చేద్దాం" అన్నాడు. తేల్చుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తానన్నాడు. "వద్దు బాబూ" అని ఆపేశాను. కార్బ్యురేటర్ బండ్ల కాలంలో ఆ పద్ధతి చెల్లిందేమో. ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఉన్న బండిలో బ్యాటరీ ఆసరా ఒక్కసారిగా పోతే డైనమో వోల్టేజీ ఎగదన్ని, ఉన్న రోగానికి తోడు కొత్త రోగం పట్టుకుంటుంది. ఇప్పటికీ చాలా షెడ్లలో ఈ పరీక్షే చేస్తున్నారు. మీ బండికి మాత్రం చేయనివ్వకండి.

ఆదివారం పొద్దున్న మా బావ వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టుకొచ్చాడు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని ఆయనది, అంకె చూడందే ఏ మాటా ఒప్పుకోడు. రాత్రంతా కదలని బండికి బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది, అది బాగున్నట్టే. స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేశాం. బ్యాటరీ మీద 13.9, పెద్దగా కదలిక లేదు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో తన పని తాను చేస్తున్నట్టే. తర్వాత మీటరుని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల్లోకి తిప్పి అక్కడే పెడితే 0.04 వచ్చింది. డైనమోలో ఏసీ కరెంటుని డీసీగా మార్చే డయోడ్లు పోతే ఇక్కడ అర వోల్టు దాటుతుంది. ఈ పరీక్షకి చవక మీటరు పనికిరాదు. నా దగ్గరున్న పసుపు మీటరు ఏసీలో పెడితే అదే బ్యాటరీకి 28 చూపించింది! డీసీని, ఏసీని విడదీయడం దానికి చేతకాదు.

డైనమో నిర్దోషి అని తేలింది, మిగిలింది ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ని కారు బాడీకి కలిపే తీగ. ఇంజన్ ఆపి బ్యాటరీ నెగటివ్‌కీ బాడీకీ మధ్య మీటరుని తీగ తెగిందో లేదో చెప్పే బీప్ మోడ్‌లో పెడితే శుభ్రంగా మోగింది. "ఆ బీప్‌ని నమ్మకు బావా, ఒక్క పోగు తగిలున్నా మోగుతుంది" అన్నాడాయన. మీటరు పంపేది పిసరంత కరెంటు. బండి నడుస్తుంటే అదే తీగలోంచి హెడ్‌లైట్లు, ఫ్యాను, బ్లోయరు కలిపి 30 ఆంపియర్లు తిరిగి రావాలి. 0.02 ఓమ్ అడ్డున్నా 0.6 వోల్టు అక్కడే పోతుంది. 0.02 ఓముని మామూలు మీటరు పట్టుకోలేదు. అందుకే ఎర్త్‌ని ఎప్పుడూ లోడ్ మీదే, అంటే లైట్లు, ఫ్యాను అన్నీ నడుస్తుండగానే కొలవాలి.

మళ్లీ ఇంజన్ స్టార్ట్ చేసి అన్నీ వేశాం. నల్ల ప్రోబ్ క్లాంపు మీద కాకుండా నెగటివ్ సీసం ముక్కు మీదే ఆనించాలి. ఎర్ర ప్రోబ్ ఇంజన్ మీద పెడితే 0.05 వోల్టు. బాడీ బోల్టు మీద పెడితే 0.68, తీగ కదిపితే ఇంకా పైకి. 0.2 దాటకూడని చోట అంత! నిర్ధారణకి జంప్ కేబుల్ ఒకటి నెగటివ్ నుంచి బాడీకున్న షాక్ అబ్జార్బర్ బోల్టుకి తగిలించాడు. వణుకు ఆగింది. తీస్తే వణుకు, పెడితే నిలకడ. మా అబ్బాయి డ్రైవర్ సీట్లో కూర్చుని "ఇప్పుడు బాగుంది మావయ్యా, ఇప్పుడు పోయింది" అని చెబుతూనే ఉన్నాడు.

ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీసి, బ్యాటరీ దించి ట్రే పైకెత్తాం. ఎర్త్ బోల్టు దాని కిందే ఉంది. తీగ చివర బోల్టుకి తగిలించే లోహపు లగ్గు చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుంది. విశాఖ ఉప్పుగాలికి బ్యాటరీ యాసిడ్ ఆవిరి తోడైతే ఇంతే. తీగని వేలితో వంచితే తొడుగు లోపల పోగులు పుటుక్కున తెగాయి. బ్లేడుతో చీరి చూస్తే రాగి జానెడు మేర నల్లబడిపోయింది. నల్లబడ్డ రాగికి కొత్త లగ్గు బిగించినా నిలవదు. తళతళలాడే రాగి వచ్చేదాకా కోస్తే తీగ పొడవు చాలలేదు, మొత్తం మార్చేశాం. 16 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు, రెండు చివర్లా క్రింప్ చేసిన రాగి లగ్గులు, వాటి మీద హీట్ స్లీవు. బాడీ మీద పెయింటూ తుప్పూ పోయి ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో గీకి, పది నంబరు పానాతో బిగించి, బిగించాకే పైన వాసలిన్ రాశాం.

అదే లోడ్ మీద మళ్లీ కొలిస్తే 0.04 వచ్చింది. ఖర్చు రెండొందల చిల్లర. బ్యాటరీ ఊడదీశాం కాబట్టి గడియారం, స్టీరియో స్టేషన్లు కొత్తగా పెట్టుకోవాల్సి వచ్చింది. కాసేపు ఇంజన్ స్లో ఎగుడుదిగుడుగా నడిచి తనంతట తానే సర్దుకుంది. మీటరు బోర్డు ఎడమ మూల బల్బు ఒకటి మాత్రం ఇంకా వెలగడం లేదు. అది మాడిపోయిన బల్బే, దానికైతే బోర్డు విప్పక తప్పదు.