మాస్టర్స్ ఈత: పెద్ద ఖర్చు లేకుండా టైమింగ్ తగ్గించుకోవడం

కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం వైపు నుంచి మాస్టర్స్ పోటీలకు (పెద్దవాళ్లకు వయసులవారీగా పెట్టే ఈత పోటీలు) వెళ్లేవాళ్లలో చాలామంది ఈత నేర్చుకున్నది పూల్‌లో కాదు. బావిలోనో, కేసీ కాలువలోనో, తుంగభద్రలోనో, నడుముకు బెండ్లో డబ్బానో కట్టుకుని నేర్చుకున్నారు. ఆ ఈతలో దమ్ము ఉంటుంది, నీళ్లంటే భయం ఉండదు. కానీ దాంతోపాటు వచ్చిన ఒక అలవాటు పోటీలో టైమింగ్‌ను తినేస్తుంది. అదే తల పైకెత్తి ఈదడం. కాలువలో ఎదురుగా కంప వస్తోందో కొయ్య వస్తోందో చూసుకోవాలి కాబట్టి అక్కడ తల ఎత్తాల్సిందే. పూల్‌లో ఆ అవసరం లేదు. తల లేచిన ప్రతిసారీ నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, ఒళ్లంతా నీళ్లకు అడ్డంగా నిలబడుతుంది.

నీళ్ల అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. దాన్ని తోసుకుని పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే 5 శాతం వేగం పెంచాలంటే దాదాపు 16 శాతం ఎక్కువ శక్తి కావాలి. నలభై దాటినవాళ్లు అంత శక్తిని జిమ్‌లో కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది, డబ్బూ అవుతుంది. అడ్డు తగ్గించుకోవడానికి పైసా అక్కర్లేదు. అందుకే ఏదైనా కొనేముందు మొదట తల, తర్వాత గోడ దగ్గర తిరగడం, ఆ తర్వాత గడియారంతో లెక్క సరిచేసుకోమంటాను.

ఫ్రీస్టైల్‌లో చూపు అడుగున ఉన్న నల్లగీత మీద ఉండాలి, మరీ ముందుకు పోకూడదు. నీటిమట్టం నుదుటికి కాదు, నడినెత్తికి తగలాలి. ఊపిరికి తల పక్కకు తిప్పినప్పుడు ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. చాలామందికి ఇది కుదరకపోవడానికి కారణం మెడ కాదు, ఊపిరి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, బయటికి వచ్చాక వదిలి మళ్లీ పీల్చాలంటే సమయం చాలదు, దాంతో తల లేస్తుంది. నీళ్లలో ఉండగానే ముక్కుతోనూ నోటితోనూ బుడగలు వదిలేస్తే బయట పీల్చడం ఒక్కటే మిగులుతుంది. దీనికి ప్రాక్టీసు: పక్కకు పడుకుని, కింది చెయ్యి ముందుకు చాపి, కేవలం కాళ్లతో 6 సార్లు 25 మీటర్లు, మధ్యలో 20 సెకన్ల విరామం. కాళ్ల మధ్య పుల్‌బాయ్ (కాళ్లను తేల్చి ఉంచే ఫోమ్ ముక్క) పెట్టుకుని ఈదితే మీ టైమింగ్ ఉన్నపళంగా బాగుపడిందా? అయితే మామూలు ఈతలో మీ కాళ్లు మునుగుతున్నాయన్నమాట. అప్పుడు పుల్‌బాయ్ వాడకం పెంచకండి, తగ్గించండి.

ఇక గోడ. 25 మీటర్ల పూల్‌లో 100 మీటర్లకు మూడు టర్న్‌లు (గోడ దగ్గర వెనక్కి తిరగడం), 200కు ఏడు. ఒక్కో టర్న్‌లో 0.4 సెకన్లు మిగిలినా 200లో 2.8 సెకన్లు తగ్గుతాయి. డైవ్ వదిలేస్తే ఈతగాడు అన్నిటికంటే వేగంగా ఉండేది గోడను తన్నిన క్షణంలోనే. ఆ వేగాన్ని మనం రెండు మూడు మీటర్లలోనే పారేసుకుంటున్నాం. ఒక అరచెయ్యి వెనక మీద ఇంకో అరచెయ్యి పెట్టి, పై బొటనవేలితో కింది చేతిని బిగించాలి. మోచేతులు చాపి, మోచేతికి పైభాగం చెవుల వెనక్కి రావాలి. చేతులు చెవులకు ముందు ఉంటే గడ్డం లేస్తుంది, ఛాతీకి నీళ్లు కొడతాయి. పాదాలు నీటిమట్టానికి మూరెడు లోతున గోడకు ఆన్చి తన్నాలి. పైపైన తన్నితే ఆ బలమంతా అలలు లేపడానికే పోతుంది.

ఎంత బాగా తన్నారో కొలుచుకోండి. కాళ్లు ఆడించకుండా, చేతులు విప్పకుండా జారుతూ ఎక్కడ ఆగారో గట్టు మీద సుద్దముక్కతో గీత పెట్టించండి. రోజుకు ఎనిమిది పది సార్లు చాలు. సాయంత్రం బ్యాచ్‌లో పిల్లలతో పూల్ కిక్కిరిసి ఉన్నప్పుడు పొడవునా ఈదే వీలుండదు. ఈ పని మాత్రం లోతు వైపు అడ్డంగా కూడా చేసుకోవచ్చు. ఆ గీత నెలలో అర మీటరు ముందుకు జరిగితే అది ఖాయంగా మీ సొంత వేగమే.

ఫ్లిప్ టర్న్‌లో, అంటే గోడ దగ్గర నీళ్లలోనే పల్టీ కొట్టి తిరగడంలో, పదేపదే జరిగే తప్పులు రెండు. ఒకటి, పల్టీ కొడుతూనే బోర్లా తిరగాలని చూడటం. దాంతో ఒళ్లు మెలిపడి పాదాలు గోడకు ఏటవాలుగా తగులుతాయి. పల్టీ నేరుగా కొట్టి, వెల్లకిలా ఉండగానే తన్ని, జారుతూ బోర్లా తిరగండి. రెండోది, గోడకు దూరం తప్పడం. మోకాళ్లు ఛాతీకి గుద్దుకుంటే దగ్గరికి పోయారు, కాళ్లు బారుగా చాపుకుపోతే ముందే తిరిగారు. ప్రమాణాల ప్రకారం కట్టిన పూల్‌లో అడుగు నల్లగీత గోడకు 2 మీటర్ల ముందు అడ్డగీతతో ఆగిపోతుంది. అది లేని పూల్‌లో అడుగు టైళ్లే గుర్తు. ముక్కులోకి నీళ్లు పోతుంటే పల్టీ అంతసేపూ ముక్కుతో సన్నగా ఊదండి. గోడ ముందు చివరి స్ట్రోక్‌లో (ఒకసారి చెయ్యి వేసి లాగడం), గోడ వదిలాక మొదటి స్ట్రోక్‌లో ఊపిరి తీసుకోకండి. కానీ నీళ్లలో ఎక్కువసేపు బిగబట్టే పందేలు, అందుకోసం ముందే గబగబా ఊపిరి తీసి వదలడం మాత్రం వద్దే వద్దు. అలా చేసి నీళ్లలో స్పృహ తప్పినవాళ్లు బయటికి ఒక్క సైగ కూడా చేయలేరు.

మూడోది గడియారం. నేను ముందుగా కొనమనే వస్తువు ఇదే: పెద్ద అంకెలు, ఎర్ర సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారం. ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టు మీద నిలబెట్టుకోవచ్చు, బ్యాచ్ అంతటికీ ఒక్కటి చాలు. స్ట్రోక్‌లు లెక్కపెట్టి సెకన్లకు కలపండి. 25 మీటర్లకు 22 స్ట్రోక్‌లు, 24 సెకన్లు అయితే మొత్తం 46. ఎక్కువ జారాలని చూసి 20 స్ట్రోక్‌లతో 27 సెకన్లలో వస్తే 47, అంటే ఆ పద్ధతి పనికిరాదు. 22తోనే 23 సెకన్లలో వస్తే 45, దాన్ని పట్టుకోండి.

నెలకోసారి పెద్ద లెక్క వేయండి. డైవ్ లేకుండా 400 మీటర్లు, పది నిమిషాలు మెల్లగా ఈది, మళ్లీ 200 మీటర్లు, రెండూ పూర్తి బలంతో. 400కు 8:00, 200కు 3:44 వచ్చాయనుకుందాం. తేడా 4:16, దూరంలో తేడా 200. అంటే 100 మీటర్లకు 2:08. దమ్ము పెరగడానికి ఈదాల్సిన వేగం అది. 8 సార్లు 100 మీటర్లు, ఒక్కోటి 2:08లో, ప్రతి 2:30కీ కొత్తది మొదలు. మొదటి మూడూ 2:00లో కొట్టేసి చివరి మూడూ 2:20కి పడిపోతే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

పోటీ వేగానికి ఇంకో సెట్ ఉంది. 100 మీటర్లు 1:24లో ఈదాలనుకుంటే 25కు 21 సెకన్లు. 16 సార్లు 25 మీటర్లు, ప్రతి 45 సెకన్లకూ ఒకటి. 21 దాటితే తర్వాతిది వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి, మూడుసార్లు దాటితే ఆ రోజుకు ఆపేయండి. అలసిపోయి ఈదే ఈత ఒంటికి అలసిపోయిన స్ట్రోక్‌నే నేర్పుతుంది. వారానికి ఇలాంటి గట్టి సెట్లు రెండు చాలు. నలభై దాటినవాళ్లకు మూడోదాని వల్ల వచ్చే లాభం కంటే అలసటే ఎక్కువ.

మన ఎండ సంగతీ మరిచిపోకూడదు. పోటీ పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. కర్నూలులో పైకప్పు లేని పూల్ మే నెలలో 30 దాటి వేడెక్కుతుంది. వేడినీళ్లలో ఒళ్లు చల్లబడదు, గుండె వేగం పెరుగుతుంది, సెట్ సగంలోనే బలం పోతుంది. ఆ నెలల్లో గట్టి సెట్లు తెల్లవారుజాము బ్యాచ్‌లోనే చేయాలి, సాయంత్రం టర్న్‌లకు, తల ప్రాక్టీసుకు ఉంచుకోవాలి. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది కాబట్టి ఉప్పు, నిమ్మకాయ కలిపిన నీళ్ల సీసా గట్టు మీద ఉండాల్సిందే.

కొనాల్సినవి తక్కువే. వదులు బెర్ముడా తీసేసి ఒంటికి అంటుకునే జామర్ (మోకాళ్ల దాకా వచ్చే ఈత నిక్కరు) వేసుకుంటే తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది. సిలికాన్ క్యాప్, మంచి గాగుల్స్. గాగుల్స్ లోపలి వైపు వేలితో రుద్దితే మంచు పట్టకుండా వేసిన పూత పోతుంది, నీళ్లతో కడిగి ఆరనిస్తే చాలు. ఫోన్‌కు వాటర్‌ప్రూఫ్ పౌచ్ ఒకటి. ముందు అందులో టిష్యూ కాగితం పెట్టి ముంచి, తడవలేదని తేలాకే ఫోన్ పెట్టండి. నీళ్లలో టచ్ పనిచేయదు కాబట్టి స్లో మోషన్ రికార్డింగ్ బయటే మొదలుపెట్టి ముంచాలి. ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తే మీ చెయ్యి తల ముందు నడిమి గీత దాటి లోపలికి పోతోందో లేదో తెలిసిపోతుంది. భుజం నొప్పికి ముఖ్య కారణాల్లో అదొకటి. పెద్ద పాడిల్స్ (అరచేతులకు తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు) ఇంకొకటి, వాటికి డబ్బు పెట్టకండి. వేలకు వేలు పోసి రేసింగ్ సూట్ కొనడమూ ఇప్పుడే వద్దు. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు పడటంలో పెద్ద పాత్ర పాలీయురేథేన్ సూట్లది. 2010 నుంచి అవి నిషిద్ధం, ఇప్పుడు గుడ్డతో నేసినవే వేసుకోవాలి. అవి కూడా కొన్ని పోటీలకే సాగిపోతాయి.

భుజాలకు పాత సైకిల్ ట్యూబ్ చాలు. వాల్వ్ దగ్గర కోసి, లోపలి పొడి కడిగేసి, ఒకటి మామూలుగా ఉంచి, ఇంకోదాన్ని నిలువుగా చీల్చుకోండి. చీల్చినది తేలిక, అది భుజం కీలు లోపలి చిన్న కండరాలకు. మోచేతికీ ఒంటికీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, ముంజేతిని బయటికి తిప్పుతూ 15 చొప్పున రెండు సార్లు. మందపుదాన్ని వరండా స్తంభానికి కట్టి, ముందుకు వంగి, మోచెయ్యి పైకి ఉంచి ఈత కొట్టినట్టే లాగండి. లాగేముందు ప్రతిసారీ పగుళ్లు చూడండి, తెగితే నేరుగా కంటికే వస్తుంది. పాదాలు వెనక్కి చాపుకుని వజ్రాసనంలో అర నిమిషం చొప్పున నాలుగు సార్లు కూర్చుంటే చీలమండలు సాగుతాయి, కిక్ బాగుపడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు దీన్ని వదిలేయండి.

తిండి విషయంలో పౌడర్ డబ్బా అక్కర్లేదు. కిలో బరువుకు రోజుకు 1.4 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. సంగటితో ఒక్కటే అది రాదు. గుడ్డుకు 6 గ్రాములు, 50 గ్రాముల చెనక్కాయల్లో 12 పైచిలుకు, మిగతాది పప్పు, పెరుగు, చికెన్‌తో నింపుకోవచ్చు.

పోటీకి ఎనిమిది పది రోజుల ముందు దూరాన్ని సగానికి తగ్గించండి, వేగాన్ని మాత్రం తగ్గించకండి. డైవ్ ప్రాక్టీసు లోతు వైపే. స్టార్టింగ్ బ్లాక్ (పోటీలో దూకడానికి నిలబడే దిమ్మ) ఉన్నచోట కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని నిబంధన, మూడడుగుల నీళ్లలోకి తలకిందులుగా దూకితే మెడ విరుగుతుంది. 100 మీటర్లు 1:24లో రావాలంటే డైవ్ కలిసొచ్చే మొదటి 50 మీటర్లు 40.5కు, రెండోది 43.5కు సరిగ్గా ఉంటుంది. మొదటిది 37కు కొట్టినవాళ్లు రెండోదానికి 48 దాటుతారు. ఆఖరి వారంలో డైవ్ నుంచి ఒక్క 50 మాత్రం, రోజుకు రెండు సార్లు, గడియారం చూడకుండా ఈది 40.5కు ఎంత దగ్గరగా వస్తున్నారో గట్టు మీది మనిషిని అడగండి.