మిర్చి కాంటాల మీద మా కారు

గత ఏడాది జులై చివరి ఆదివారం, హసన్‌పర్తి దాటాక కరీంనగర్ దారిలో మూతపడి ఉన్న మా మిత్రుడి రైసుమిల్లు కళ్ళంలో మేమే కట్టుకున్న కారును పరీక్షిస్తుండగా, బ్రేకు గట్టిగా తొక్కిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం ఒక్కటే బిగుసుకుపోయి, సిమెంటు నేల మీద నల్లటి చారను వదిలి ఆగుతోంది. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో పిస్టన్ పట్టేసి ఉంటుందని మొదట అనుకుని దాన్ని విప్పి శుభ్రం చేశాను. తర్వాత రెండు వైపులా బ్రేకు నూనె గొట్టాలు మార్చాను. చివరికి కుడి ప్యాడ్లను ఎడమకూ, ఎడమవాటిని కుడికీ వేసి చూశాను. మూడు ఆదివారాలు గడిచినా ఆ చార మాత్రం ఎడమ వైపే పడుతూ వచ్చింది. అప్పటిదాకా పక్కన కూర్చుని పానాలు అందిస్తున్న మా మేనల్లుడు, నిట్‌లో మెకానికల్ చదువుతున్నవాడు, "మామా, బ్రేకులు ఎన్నిసార్లు విప్పుతవ్? ఒకసారి బరువు చూద్దాం" అన్నాడు.

ఆ బరువు సంగతికి ముందు కారు గురించి కొంత చెప్పాలి. ఇంగ్లండులో కొలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో సెవెన్ అనే రెండు సీట్ల కారును విడుదల చేసింది. సన్నని ఇనుప గొట్టాల చట్రం, దానికి చుట్టిన అల్యూమినియం రేకు, చక్రాలకు విడి మడ్‌గార్డులు తప్ప అందులో ఆడంబరమేమీ లేదు. పూర్తిగా తయారైన కారు మీద అక్కడ అప్పట్లో కొనుగోలు పన్ను ఉండేది గనుక, ఆ భారం తప్పించుకోదలచినవారు దాన్ని విడిభాగాల కిట్‌గా కొని ఇంటి షెడ్డులోనే బిగించుకునేవారు. 1973లో ఆ నమూనా హక్కులు కేటర్‌హామ్ సంస్థకు వెళ్ళాయి. మా కారు ఆ రెండు సంస్థలదీ కాదు. ఆ నమూనాను అనుసరించి మేమే గీసుకుని, 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలతో, 1.6 మిల్లీమీటర్ల మందంతో, వరంగల్ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకున్నది. మా కిట్ పాత ఇనుప సామాన్ల దుకాణాల నుంచి వచ్చిందని చెప్పుకోవడమే న్యాయం. ఇంజనూ గేర్‌బాక్సూ మారుతి జిప్సీవి. జిప్సీలో ముందు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండకుండా విడిగా ఉంటుంది కాబట్టి, దాన్ని వదిలేసి ప్రొపెల్లర్ షాఫ్టును నేరుగా వెనుక యాక్సిల్‌కు కలపగలిగాము. ఆ యాక్సిల్ మారుతి ఈకో వ్యాను నుంచి తీసుకున్నాము. ఎనభై గుర్రాల ఆ ఇంజను జిప్సీలో టన్నుకు కాస్త తక్కువ బరువును లాగేది. సగం ట్యాంకు పెట్రోలుతో మా కారు తూగేది 548 కిలోలు.

ఈ కారును రోడ్డు మీదకు తీసుకువెళ్ళము, తీసుకువెళ్ళకూడదు కూడా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను మరింత స్పష్టం చేసింది. ఇక నమూనా ఆమోదమే లేకుండా ఇంట్లో పుట్టిన కారుకు రిజిస్ట్రేషన్ అనే ప్రశ్నే రాదు. అందుకే మా పరుగులన్నీ మిల్లు ప్రహరీ లోపలే. ట్రాలీ మీద ఎక్కించి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోటై ట్రాక్‌కు తీసుకువెళ్ళాలన్న కోరిక మాత్రం ఇంకా మిగిలే ఉంది.

నాలుగు చక్రాల కింద నాలుగు కాంటాలు పెట్టి ఒక్కొక్క చక్రం మోస్తున్న బరువును విడిగా తూచాలన్నది మేనల్లుడి ఆలోచన. రేసింగ్ జట్లు వాడే తూకపు పలకలు మా స్తోమతకు అందేవి కావు. అయితే ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి నడిపే మా బంధువు దగ్గర మిర్చి బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 300 కిలోల దాకా తూచగలదు. పైగా ఆగస్టులో మిర్చి సీజను ఉండదు గనుక అవి ఖాళీగానే పడి ఉన్నాయి. నాలుగింటినీ ఆటోలో వేసుకుని వచ్చి మొదట తుడవవలసి వచ్చింది. వాటి సందుల్లోని కారం మా ఇద్దరినీ అరగంట సేపు తుమ్మించింది.

కాంటాలు ఉంటే సరిపోదు, నాలుగూ ఒకే మట్టంలో ఉండాలి. వడ్లు ఆరబోసే కళ్ళం వాన నీరు నిలవకుండా నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో మట్టం చూసి, తగ్గిన చోట ఫ్లోరింగ్ రాళ్ళ ముక్కలు పేర్చాము. డ్రైవరు సీట్లో మూడు పాతిక కిలోల బియ్యపు బస్తాలు పెట్టి నా బరువుకు సరిచేశాము. టైర్ల కింద గ్రీజు పూసిన రెండేసి రేకులు పరిచాము. అవి లేకపోతే కారు కిందకు దిగేటప్పుడు టైర్లు పక్కలకు జరగలేక, స్ప్రింగుల అసలు బరువు కాంటాకు అందదు. ఆ తర్వాత కారును నాలుగు మూలలా ఊపి వదిలి అంకెలు చూశాము. ముందు ఎడమ 128, ముందు కుడి 172, వెనుక ఎడమ 175, వెనుక కుడి 148. మొత్తం 623 కిలోలు.

ముందు కుడినీ వెనుక ఎడమనూ కలిపితే 347, మిగిలిన రెండింటినీ కలిపితే 276. అంటే కారు ఒక కర్ణం మీద బరువంతా వేసి నిలబడి ఉంది. కోడు పొట్టిదైన నులక మంచం మీద కూర్చున్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: ఎదురెదురు మూలల్లోని రెండు కోళ్ళే బరువు మోస్తాయి, మిగిలినవి ఊగుతాయి. 128 కిలోలు మోస్తున్న చక్రానికీ 172 కిలోలు మోస్తున్న చక్రానికీ బ్రేకు ఒకే బలంతో పట్టినప్పుడు తేలికగా ఉన్నదే ముందు బిగుసుకుంటుంది. నేను మూడు ఆదివారాలు విప్పి బిగించిన బ్రేకుల్లో ఏ దోషమూ లేదు.

దోషం నాదే. అంతకు నెల క్రితం వెనుక గట్టి స్ప్రింగులు వేసి, కారును ఆ వాలు కళ్ళంలోనే ఏటవాలుగా నిలబెట్టి, టేపుతో ఎత్తులు కొలిచి సమానం చేశానని సంతోషించాను. మెలి తిరిగిన నేల మీద ఎత్తులు సమానం చేస్తే మెలి కారులోకి వస్తుంది. మరతో ఎత్తు మార్చే స్ప్రింగు కింది పళ్ళాన్ని ఒక మూల పైకి తిప్పితే ఆ మూలా, దానికి కర్ణంగా ఉన్న మూలా బరువెక్కుతాయి, మిగిలిన రెండూ తేలికపడతాయి. ముందు జత మొత్తం, ఎడమ జత మొత్తం మాత్రం ఎంత తిప్పినా మారవు. వాటిని మార్చాలంటే బ్యాటరీ వంటి వస్తువును ఒక చోటి నుంచి మరో చోటికి జరపవలసిందే. కాబట్టి ముందు ఎడమ పళ్ళాన్ని అర చుట్టు చొప్పున పైకి తిప్పుతూ, ప్రతిసారీ కారును ఊపి తూచుతూ పోయాము. చీకటి పడే వేళకు అంకెలు 146, 154, 157, 166 దగ్గర నిలిచాయి. ఒక కర్ణం 311, ఇంకొకటి 312. మరునాడు బ్రేకు తొక్కితే రెండు ముందు చక్రాలూ ఒకేసారి కేక పెట్టాయి.

ఆ రోజు నుంచి, అంతకుముందు చేసినవాటితో సహా ప్రతి మార్పునూ కిలోల్లో రాసే ఒక పద్దు పుస్తకం పెట్టాను. కారు బోల్తా పడితే తలను కాపాడే రోల్ బార్ వల్ల 14 కిలోలు పెరిగింది. దాని గురించి ఏ మాత్రం విచారం లేదు. అగ్నిమాపక సిలిండరుదీ అదే లెక్క. ఓమ్ని సీట్లు తీసి ఫైబర్ సీట్లు వేసినప్పుడు 9 కిలోలు తగ్గాయి. పాటలు వినే పెట్టె పెట్టమని అడిగినవారందరికీ పుస్తకం చూపించి పంపించాను. 195 వెడల్పు టైర్లు చూడడానికి బాగుంటాయని ఒకసారి వేయించాను గాని, ఇంత తేలిక కారు కింద అవి సరిగా వేడెక్కవు, వేడెక్కని రబ్బరు పట్టదు. తిరిగి 165కే వచ్చాను.

టైర్ల గాలి గురించి మా దారిలోని పంక్చరు దుకాణం అతనితో ఇప్పటికీ వాదన తెగలేదు. ట్రాలీ మీదున్న కారును చూసి చెయ్యి ఊరుకోక ఏ కారుకైనా 32 కొట్టడం అతని అలవాటు. నేను 20 చాలంటే, "గింత తక్కువ గాలితోని బండి ఎట్ల నడుస్తది సార్, రిమ్ము నేలకు తాకుతది" అంటాడు. టన్ను బరువు కారుకు అతని మాట నిజమే. అందులో సగం బరువుకు 32 పెడితే టైరు నడిమి భాగం మాత్రమే నేలను తాకుతుంది.

అన్ని మార్పులూ ఫలించలేదు. ముందు సస్పెన్షన్ చేతులకు రబ్బరు బుష్‌లు తీసి రోజ్ జాయింట్లు అనే లోహపు బంతి కీళ్ళు వేయించాను. స్టీరింగు అద్భుతంగా మారింది, ఆరు వారాల పాటు. గ్రానైట్ లారీలు తిరిగే దారి పక్కన ఉన్న మిల్లులో ఆ దుమ్ము అంతటా పరుచుకుంటుంది, ఆ కీళ్ళకు దాన్ని ఆపే మూత ఉండదు. ఏడో వారానికి చేత్తో చక్రం ఊపితే టకటకమని చప్పుడు వచ్చింది. మళ్ళీ రబ్బరే వేశాను.

బ్రేకుకు కాలి బలాన్ని పెంచే సర్వో లేదు కాబట్టి పెడల్ రాయిలా ఉండేది. పెడల్ తొక్కితే నూనెను పైపుల్లోకి తోసే, 19 మిల్లీమీటర్ల బోరున్న మాస్టర్ సిలిండర్ తీసి 16 మిల్లీమీటర్లది పెట్టాము. వైశాల్యం తగ్గినందువల్ల అదే కాలి బలానికి పైపుల్లో ఒత్తిడి 41 శాతం పెరిగింది. పెడల్ ప్రయాణం కూడా అదే నిష్పత్తిలో పెరిగింది గనుక లింకు పొడవు సరిచేయవలసి వచ్చింది. బ్రేకు నూనె డాట్ 4 రకం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది: కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు తగ్గకుండా నిలవవలసిన మరుగు స్థానానికి, తేమ పట్టాక ప్రమాణం హామీ ఇచ్చేది 155 డిగ్రీలే. మన వానాకాలం తర్వాత దసరాకు ముందే దాన్ని మార్చేస్తాను.

మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు సాధారణం, కారు ముక్కు ఇరుకు. పది నిమిషాలకే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీతకు చేరేది. పెద్ద ఫ్యాను కొన్నాను, ప్రయోజనం లేకపోయింది. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. రేడియేటర్ చుట్టూ ఉన్న ఖాళీల్లోంచే అది జారిపోతోందని ఆలస్యంగా గ్రహించి, 600 గ్రాముల అల్యూమినియం రేకుతో ఆ సందులన్నీ మూశాను. ఫ్యాను పాతదే మళ్ళీ పెట్టాను, ముల్లు సగంలోనే ఉంటోంది.

వానాకాలపు పని వేరు. అల్యూమినియం రేకు నేరుగా ఇనుప గొట్టాన్ని తాకే చోట తడి చేరితే రెంటి మధ్య రసాయన చర్య మొదలై, రివెట్ల చుట్టూ తెల్లటి బూడిద కనిపిస్తుంది. మొదటిసారి బిగించినప్పుడు మధ్యన సీలెంట్ వేయలేదు. ఇప్పుడు ఏటా నాలుగైదు రేకుల చొప్పున రివెట్లు తొలిచి, గొట్టానికి ప్రైమర్ పూసి, సీలెంట్ వేసి మళ్ళీ బిగిస్తున్నాము.

ఈ ఆగస్టులో మళ్ళీ కాంటాలు తెచ్చాము. ఏడాదిలో స్ప్రింగులను ఎవరూ ముట్టలేదు. మొత్తం అదే 623. మూలలు మాత్రం 137, 163, 166, 157. ఒక కర్ణం నుంచి ఇంకో కర్ణానికి 18 కిలోలు జరిగాయి. ముందు జత 300, ఎడమ జత 303 అలాగే ఉన్నాయంటే వస్తువులేవీ కదలలేదు, చట్రంలోనే ఎక్కడో మూల దిగింది. మేనల్లుడు టార్చి పట్టుకుని కిందకు దూరి, ముందు ఎడమ షాక్ అబ్జార్బర్ పైకొస బిగించిన బ్రాకెట్ దగ్గర పెయింటు మీద వెంట్రుక మందం గీతను చూపించాడు. పెయింటు గీకితే అది వెల్డు అంచు వెంట చీలిక. అది కొంచెం తెరుచుకుని బ్రాకెట్‌ను పైకి జరగనిచ్చింది. ఆటోనగర్ వెల్డరు చీలికను తొలిచి మళ్ళీ నింపి, మూలకు 4 మిల్లీమీటర్ల మందం త్రికోణపు పలక వేశాడు. ఎలాంటి చీలికా లేకపోయినా కుడి వైపున కూడా అదే వేయించాను. రెండు పలకలూ కలిపి 360 గ్రాములు, పుస్తకంలో రాశాను. కాంటాలు ఈ ఆదివారం వరకు మా దగ్గరే ఉంటాయి గనుక, పెయింటు ఆరగానే మళ్ళీ తూచాలి.