వాన వెలిసిన పొద్దున, మల్లేశ్వరం

రాత్రంతా కురిసి తెల్లారేసరికి వాన వెలిసింది. ఇలాంటి పొద్దున బెంగళూరు మల్లేశ్వరంలోని పాత క్రాసుల్లో, అంటే అడ్డవీధుల్లో, నడిస్తే ఏ ఇల్లు బాగుందో, ఏది లోలోపల చెడుతోందో గోడ అడుగు చూస్తే తెలిసిపోతుంది.

సున్నపు పూత ఉన్న గోడ వాననీళ్లు పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే చెమ్మ బయటికి రాలేదు. నేల నుంచి రెండడుగుల ఎత్తున తెల్లటి ఉప్పు పొంగుతుంది. వేలితో తడితే బోలు చప్పుడు. కొన్నాళ్లకు పెచ్చు ఇటుక ముఖంతో సహా ఊడి పడుతుంది. పూత పల్చనైందనుకుని ఇంకా గట్టి సిమెంటు వేస్తారు. చెమ్మ ఇంకో అడుగు పైకెక్కుతుంది.

ఆ సిమెంటును ఉలితో, నెమ్మదిగా తీయాలి. మిషను పెడితే ఇటుకే పగులుతుంది. ఒక వేసవి గోడను ఆరనిచ్చి, ఒక పాలు నానిన సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి, అర అంగుళానికి మించకుండా పూయాలి. ఎండకు తటాలున ఆరితే సున్నం గట్టిపడదు, పిండిలా రాలుతుంది. అందుకే తడి గోనెపట్టా కప్పాలి. పైన సున్నమే కొట్టాలి, ప్లాస్టిక్ రంగులొద్దు. రోడ్డు మీద తారు పొర మీద పొర వేస్తూ పోతే నీళ్లు కాంపౌండులోకే వస్తాయి. అప్పుడు ఎంత మంచి పూతా నిలవదు.

కిటికీల మీది మంకీటాపుల, అంటే చెక్క పట్టీలతో చేసిన చూరుల, సంగతీ అంతే. చెక్క పట్టీల కింది కొసలే ముందు కుళ్లుతాయి, ఎందుకంటే కోసిన అంచు నీరు తాగుతుంది. కుళ్లినంత మేర ఏటవాలుగా కోసి అదే జాతి చెక్క అతికితే చాలు. మొత్తం పీకి అల్యూమినియం పెట్టడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అయినా ఇక్కడ కాపాడుకోవాల్సింది ఒక్కో ఇల్లు కాదు, వీధి. 1898లో ప్లేగు వచ్చాక, పాత ఊరి ఇరుకు నుంచి జనాన్ని బయటికి తెచ్చేందుకు పెంచిన పేటలివి, మల్లేశ్వరం, బసవనగుడి. అందుకే ఇళ్ల మధ్య ఖాళీ, పొట్టి ప్రహరీ, వెనక సఫాయి సందు. మనిషి చేత మలం మోయించిన ఆ కాలపు అన్యాయమూ ఆ సందు వెడల్పులోనే ఉంది, దాన్నీ చెరపకూడదు. సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు, పేర్లలోనే సంపంగీ వేపా. ఒక్క ఇంటిని పడగొట్టి నాలుగంతస్తులు లేపితే ముందరి ఖాళీ పోతుంది, పక్కింటి గోడకు ఎండ తగలదు, అదీ చెమ్మెక్కుతుంది.

క్రాసు చివర, వేసవిలోనే సిమెంటు ఊడదీసిన ఇంటి వసారాలో డ్రమ్ము నిండా సున్నం నానుతోంది, పైన రెండంగుళాల నీళ్లు. పూత మార్గశిరంలో.